పదకొండో చీటీ

నెవాడా చరిత్ర మీద, అక్కడి నేల మీద పుస్తకాలు వేసే ఒక చిన్న ప్రెస్సులో నేను ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. టైపిస్టుగా చేరాను, కాపీ ఎడిటర్నయ్యాను, మ్యాపుల ఎడిటర్‌గా రిటైరయ్యాను. మధ్యలో వచ్చిన హోదాల గురించి చెప్పడానికేమీ లేదు. ఈ మధ్య ఇదే పనిలో చేరిన ఒక తెలుగమ్మాయి, "ఆంటీ, ఈ జాబ్‌లో యాక్చువల్‌గా నేర్చుకోవాల్సింది ఏంటి?" అని అడిగింది. ఫోనులో చెప్పలేకపోయాను. నాకు మొదటినుంచీ మాట్లాడటం కంటే రాయడం తేలిక. నా కథంతా ఆ తేలికతనం వల్ల జరిగిందే.

డెబ్బైల చివరి నుంచి రాసిన డైరీలు నా దగ్గరున్నాయి. జ్ఞాపకం మనకు అనుకూలంగా వంగుతుంది. అందుకని అనుమానం వచ్చిన చోట డైరీనే నమ్మాను.

పని ఏమిటంటే

పుస్తకాల ఆఫీసులో ఉద్యోగమంటే రోజంతా చదువుకోవడమే అనుకుని చేరాను. కాదు. రోజంతా అనుమానపడటం. రచయిత "ఇక్కడినుంచి కనుమకు ఆరు మైళ్లు" అని రాస్తే, ఆరేనా అని అనుమానపడాలి. "ఆ ఏడు మంచు ఎక్కువ" అంటే ఎవరు చెప్పారని అనుమానపడాలి. అనుమానాన్ని ఒక గులాబీరంగు చీటీ మీద రాసి, రాతప్రతి అంచుకు జిగురుతో అంటించాలి. రచయిత ఆ చీటీ మీదే జవాబు రాసి పంపుతాడు. పుస్తకం అచ్చయ్యాక చీటీలన్నీ చించి చెత్తబుట్టలో వేస్తాం. ఏం అడిగామో, ఏం అడగలేదో తర్వాత ఎవరికీ తెలియదు.

మొదటి ఏడాదే రెండు దెబ్బలు తిన్నాను. ఒకసారి సరస్సు ఫొటో నెగెటివ్ తిరగబడి అచ్చయింది. ఒక ముసలి పశువుల రైతు ఫోన్ చేశాడు. "అమ్మాయీ, నలభై ఏళ్లుగా పొద్దున్నే లేచి ఆ కొండ మొహమే చూస్తున్నాను. దాన్ని ఎడం వైపుకి ఎప్పుడు జరిపారు? నాకొక మాట చెప్తే కంచె కూడా జరుపుకునేవాణ్ణి కదా." ఆఫీసంతా నవ్వారు. నేను బాత్రూములోకి పోయి ఏడ్చాను.

రెండోది నవ్వుకునేది కాదు. అక్కడి ఆదివాసుల్లో పైయూట్ తెగవాళ్లున్నారు; ఒక పాత ఫొటో కింద "పేరు తెలియని పైయూట్ స్త్రీ" అని వేశాం. పుస్తకం వచ్చిన నెలకు ఒక పెద్దావిడ ఆఫీసుకొచ్చి, ఆ పేజీ తీసి నా బల్ల మీద పెట్టింది.

"ఈమె మా అమ్మమ్మ. పేరు తెలియకపోవడమేమిటి? తెలుసు. మీకు తెలియదు. ఆ సంగతి రాయండి."

అప్పుడు నాకు ఇరవైనాలుగేళ్లు. క్షమాపణ కూడా చెప్పలేదు. ఆమె వెళ్లాక డైరీలో ఒకటిన్నర పేజీ రాశాను. రాసేశాక బరువు దిగినట్టనిపించింది. అదే నా జబ్బని అప్పుడు తెలియదు.

మిసెస్ హోల్ట్ పెట్టిన హద్దు

మా ప్రెస్సును నడిపేది మిసెస్ హోల్ట్. అరవై ఏళ్ల మనిషి, సిగరెట్టు నోట్లో ఉండగానే కామా తప్పు పట్టగలదు. నాకు ఈ విద్యంతా ఆమే నేర్పింది. యూనివర్సిటీలో లైబ్రరీ చదువు ముగించి, గనుల్లో ఇంజినీరైన మా అన్నయ్య ఇంట్లో ఉంటున్న నన్ను, నెమ్మదిగా మాట్లాడతాననీ, చాలాసార్లు అసలు మాట్లాడననీ చూసి కూడా ఉద్యోగంలోకి తీసుకుంది. నా గ్రీన్ కార్డు కాగితాలు ప్రెస్సు తరఫునే పెట్టించింది. మంచి బాసు. ఆమె పెట్టిన నియమాల్లో ఒక్కటి తప్పుది.

మాకు బాగా అమ్ముడుపోయే రచయిత మిస్టర్ డన్. పాత బళ్ల బాటల మీద రాసేవాడు. వందేళ్లకు ముందు పడమటికి వలసపోయినవాళ్ల బళ్లు ఎడారి దాటిన దారులన్నీ నడివయసుదాకా కాలినడకన తిరిగాడు. డెబ్బై ఎనిమిదేళ్లకు మోకాళ్లు పోయాయి, పొగరు పోలేదు. చీటీలంటే మంట. ఒక అధ్యాయానికి నలభై చీటీలంటించిన పాత ఎడిటర్‌కి రాతప్రతి వెనక్కి పంపి, "మీరే రాసుకోండి" అన్నాడట.

"డన్‌కి అధ్యాయానికి పది చీటీలు, అంతే," అంది మిసెస్ హోల్ట్ నాతో. "ప్రతి చీటీ ఆయనకు గుండుసూది. పదికంటే ఎక్కువ గుచ్చావంటే పుస్తకమే ఉండదు."

"పదకొండోది వస్తే?"

"రాదు. ఏవి ముఖ్యమో ఎంచుకోవడమే ఎడిటర్ పని."

మాట గొప్పగా ఉంది. డైరీలో రాసుకున్నాను కూడా. కానీ ఏది ముఖ్యమో ముందుగా ఎవరికి తెలుస్తుంది?

ఏడో అధ్యాయం

ఆ పుస్తకం రాష్ట్రం నడిబొడ్డున ఉన్న లోయల గుండా పోయే ఒక పాత బాట గురించి. చరిత్రతో పాటు, ఈనాడు కారులో వెళ్లి చూడాలనుకునేవాళ్లకు మ్యాపులు కూడా ఉన్నాయి. నీళ్లున్న చోటల్లా నీలం సున్నా.

ఏడో అధ్యాయంలో ఒక ఊట వస్తుంది. కొండ పాదంలో, చెక్క తొట్టిలోకి కారే ఊట. "ఏడాది పొడవునా చల్లటి నీళ్లు," అని రాశాడు మిస్టర్ డన్. ఆయన కాగితాలన్నీ బూట్ల అట్టపెట్టెల్లో వచ్చేవి. ఆ అధ్యాయం పెట్టెలో, పేజీ గుర్తుకోసం పెట్టిన ఒక పోస్టుకార్డు దొరికింది. ఆయన స్నేహితుడైన బాస్క్ గొర్రెల కాపరి రాసింది. ఆ రోజుల్లో అక్కడి కొండల మీద గొర్రెలు కాసేవాళ్లలో స్పెయిన్ కొండల నుంచి వచ్చిన బాస్క్‌లు చాలామంది. వంకర అక్షరాల్లో నాలుగు ముక్కలు: తొట్టి దగ్గర నీళ్లు లేవు, తొట్టినిండా ఇసుకే, మందను ఉత్తరానికి తోలుకుపోతున్నాను. పోస్టాఫీసు ముద్ర అలికిపోయి ఏ ఏడో తెలియలేదు.

అప్పటికే ఆ అధ్యాయానికి పది చీటీలూ అంటించేశాను. ఒకటి ఒక సైనికుడు లెఫ్టినెంటా, కెప్టెనా అని. ఒకటి ఒక వాక్యం రెండుసార్లు వచ్చిందని. ఒకటి కామా. చీటీల బొత్తి బల్ల మీదే ఉంది. కావలసింది ఒక్క కాగితం. లేదా ఒకటి పీకి దాని స్థానంలో ఇది పెట్టాలి. లేదా మిసెస్ హోల్ట్ గది తలుపు తట్టి, "పదకొండోది వచ్చింది" అనాలి. ఆమె ఆ సాయంత్రం ఫోనులో ఎవరిమీదో అరుస్తోంది. నేను తలుపుదాకా వెళ్లి వెనక్కొచ్చాను.

ఆ రోజు డైరీలో ఇలా ఉంది: "7వ అధ్యాయం, తొట్టి ఊట. కాపరి కార్డులో ఎండిపోయిందని ఉంది. ఏ ఏడో? ఒక్క కరువు సంవత్సరం సంగతేమో. ఆయన స్వయంగా తాగాడు కదా. అడగాలా? పది అయిపోయాయి. ఇంటికొచ్చేసరికి వదిన గుత్తివంకాయ చేసింది."

పుస్తకం అచ్చయింది. చీటీలన్నీ చెత్తబుట్టలోకి పోయాయి. కార్డు పెట్టెలోకి పోయింది.

రెండో వేసవి

పుస్తకం వచ్చిన రెండో వేసవిలో, ఆగస్టు నెలలో, ఒక సోమవారం మిసెస్ హోల్ట్ పేపరు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. లోపలి పేజీలో చిన్న వార్త. ఆ బాట చూడబోయిన భార్యాభర్తల కారు ఇసుకలో దిగబడింది. రెండో రోజు ఇద్దరూ నీళ్లకోసం నడిచారు. మూడో రోజు ఒక పశువుల కాపరి వాళ్లను చూశాడు. భార్య బతికింది. ఏ ఊటకోసం నడిచారో పేపర్లో లేదు. వాళ్ల దగ్గర ఒక పుస్తకం దొరికిందని మాత్రం ఉంది.

వార్త పూర్తిగా చదవకముందే నాకు తెలిసిపోయింది.

అక్టోబరులో ఆ భార్య మా ఆఫీసుకొచ్చింది. పేరు జూన్, బడిలో టీచరు. అంతకు ముందురోజే ప్రెస్సు లాయరు వచ్చి అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. "సారీ అనే మాట ఎవరి నోటా రాకూడదు. విచారం తెలపండి, తప్పు ఒప్పుకోకండి." రాసుకోవడానికి ఒకళ్లుండాలన్నాడు. నాకు షార్ట్‌హ్యాండ్ వచ్చు. నన్ను కూర్చోబెట్టారు.

గదిలో లాయరు, మిసెస్ హోల్ట్, జూన్, మిస్టర్ డన్. ఆయన్ని రావద్దని చెప్పినా వచ్చాడు. టై కట్టుకుని, కర్ర పట్టుకుని. జూన్ సంచిలోంచి పుస్తకం తీసి ఏడో అధ్యాయం దగ్గర తెరిచింది. పేజీల సందులోంచి బల్ల మీద కొంచెం ఇసుక రాలింది.

"కారు దగ్గరే ఉందామన్నాను నేను," అంది. గొంతు ఎత్తలేదు. "నాలుగు మైళ్లేగా, పుస్తకంలో ఉందిగా అన్నాడు ఆయన. వెళ్లాం. తొట్టి ఉంది. ఇసుక ఉంది. ఆయన తవ్వాడు. మోచేతిదాకా తవ్వాడు. నేను ఆపమంటే, ఏడాది పొడవునా ఉంటాయని రాశారు, కాస్త కింద ఉంటాయి అన్నాడు. తవ్వుతూనే ఉన్నాడు."

లాయరు ఏదో అనబోయాడు. ఆమె చెయ్యెత్తింది.

"నేను డబ్బుకోసం రాలేదు. ఒక్కటి తెలుసుకోవాలని వచ్చాను. ఇది ఇంతమంది చేతుల మీదుగా వెళ్లింది కదా. ఎవరికీ అనుమానం రాలేదా? ఎవరూ అడగలేదా?"

"పుస్తకంలో చెప్పినవన్నీ రచయిత బాధ్యతే—" అన్నాడు లాయరు.

"అవును, నాదే," అన్నాడు మిస్టర్ డన్. "నన్నెవరూ అడగలేదమ్మా. అడగడానికి ఎవరికీ తెలియదు. నేను అక్కడ నీళ్లు తాగి ముప్పై ఏళ్లయింది. మళ్లీ వెళ్లి చూడలేదు. అంతే."

"ఎవరికీ తెలియదు" అన్న మాటను నేను షార్ట్‌హ్యాండ్‌లో రాశాను. నా చేతి గీత చక్కగానే ఉంది. ఆ కాగితం తర్వాత చూశాను. ఎక్కడా వణకలేదు.

మా ఇంట్లో

వారాల తరబడి అన్నం సయించలేదు. ఆఖరికి మా విజయ వదినకు చెప్పాను. వదిన అన్నయ్యకు చెప్పింది.

"సుధా, డోంట్ బి స్టుపిడ్," అన్నాడు అన్నయ్య. "గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉంది. నువ్వు నోరు తెరిస్తే ఆవిడ సూ చేస్తుంది, వీళ్లు ఫైర్ చేస్తారు. చీటీలేమీ మిగల్లేదు కదా, ప్రూఫ్ లేదు కదా. వదిలేయ్."

"బాగుందండీ," అంది వదిన. "ఈ పిల్ల నోరు తెరవాలని ఇన్నేళ్లుగా నేను దేవుళ్లకి మొక్కుకుంటుంటే, ఇవాళ తెరుస్తానంటే మీరు మూసేయమంటారా?"

"విజయా, ఇది జోక్ కాదు."

"నేను జోకులేయట్లేదు. సుధా, ఇటు చూడు. చెప్తే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే తిండి పోతుంది, ఇప్పటికే పోయింది. ఏది కావాలో నువ్వే చూసుకో. వెళ్తానంటే డ్రైవ్ చేస్తా. నీ బదులు మాత్రం మాట్లాడను."

మిస్టర్ డన్ ఇల్లు

ముందు ఆయన దగ్గరికి వెళ్లాను. మంచు పడుతోంది. ఇంట్లో హీటరు తక్కువగా పెట్టుకుని, కోటుతోనే కూర్చున్నాడు. గోడల మీద మ్యాపులన్నీ తీసేశాడు. మేకులు మిగిలాయి. పొయ్యి మీద ఏమీ లేదు. ఆ నెలన్నరలో మనిషి సగమయ్యాడు.

మాట్లాడే బదులు డైరీలో ఆ పేజీ తెరిచి, తెలుగు వాక్యాల కింద ఇంగ్లీషులో రాసి ఇచ్చాను. పక్కన, ఆఫీసులోనే ఉండిపోయిన పెట్టెలోంచి తెచ్చిన గొర్రెల కాపరి కార్డు పెట్టాను. ఆయన కార్డును చాలాసేపు చూశాడు.

"ఇది వచ్చినట్టే గుర్తులేదు," అన్నాడు. "గుర్తులేని మనిషి పుస్తకాలు రాయకూడదు." తర్వాత డైరీ పేజీ మీద వేలు పెట్టాడు. "పది చీటీలంటే? ఇదేమిటి?"

ఆయనకు ఆ హద్దు సంగతే తెలియదు. చెప్పాను.

"పదో చీటీ దేనికి వాడావు?"

"ఆ సైనికుడు లెఫ్టినెంటా, కెప్టెనా అని."

"లెఫ్టినెంటు," అన్నాడు. "దానికి ఎవరూ చచ్చిపోలేదు."

నేను ఏడుస్తున్నాను. ఆయన ఓదార్చలేదు. నా తప్పు కాదని అనలేదు. డైరీ మూసి నా చేతికిచ్చాడు.

"నాతో చెప్పడం తేలిక. ఆమె ప్రశ్న అడిగినప్పుడు నువ్వు గదిలో ఉన్నావు. జవాబు ఆమెకు బాకీ. ఉత్తరం రాయకు. నువ్వు ఉత్తరాల మనిషివని చూస్తే తెలుస్తోంది. వెళ్లి చెప్పు."

ఆ పిమ్మట ఆయన ఒక్క వాక్యం కూడా రాయలేదు. మంచు కరిగేలోపే పోయాడు.

తలుపు దగ్గర

జూన్ ఉండే ఊరు రెండు గంటల దూరం. వదిన డ్రైవ్ చేసింది. ఇంటి ముందు కారాపి, ఫ్లాస్కులోంచి కాఫీ పోసుకుంటూ, "వెళ్లు. నేనిక్కడే ఉంటా. పారిపోవడానికి నీకు వేరే కారు లేదు," అంది.

తలుపు తీసి జూన్ నన్ను గుర్తుపట్టింది. "మీరు రాసుకున్న అమ్మాయి కదా."

నిలబడే చెప్పాను. కార్డు, పది చీటీలు, తలుపుదాకా వెళ్లి వెనక్కి రావడం, డైరీ. జీవితంలో ఒక్క బిగిన నేను అన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు. సారీ అన్నాను. లాయరు వద్దన్న మాట.

ఆమె డైరీ చూపించమంది. చూపించాను. తెలుగు చదవలేదు కదా, ప్రతి వాక్యమూ ఏమిటని అడిగింది. వేలితో చూపిస్తూ చెప్పాను. చివరి వాక్యం దగ్గర ఆగాను. "ఇదేమిటి?" అంది. మా వదిన వంకాయ కూర చేసిందని ఉంది, అన్నాను.

"అయితే ఒకళ్లకు అనుమానం వచ్చింది," అంది. "వచ్చింది. రాసుకున్నారు. భోంచేశారు. పడుకున్నారు."

తలుపు విసురుగా వెయ్యలేదు. మెల్లగా మూసింది.

మర్నాడు మిసెస్ హోల్ట్‌కు అంతా చెప్పాను. ఆమె సిగరెట్టు నలిపి ఆర్పేసింది. "హద్దు పెట్టింది నేను," అంది. "నిన్ను తీసేస్తే నన్నూ నేను తీసేసుకోవాలి. పోయి పని చూసుకో." లాయరు ఎగిరాడు. ఆమె అతన్ని బయటికి పంపించింది. మర్నాడు పొద్దున నా బల్ల మీద గులాబీ చీటీల పెట్టె ఒకటి ఉంది. సీలు విప్పనిది. జూన్ కోర్టుకు వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదో చెప్పలేదు.

కొత్తవాళ్లకు

మీకు కంప్యూటర్లున్నాయి, చీటీల బదులు పక్కన రంగు పెట్టెలొస్తాయి. వాటికి లెక్క లేదు. అయినా ప్రతి ఆఫీసులోనూ పైకి చెప్పని ఒక లెక్క ఉంటుంది. ఈ పెద్దమనిషిని ఇంతకంటే అడగకూడదు, ఈ వారంలో ఇంతకంటే ఆలస్యం చేయకూడదు అని. ఆ లెక్కలోపలే అడగవలసినవన్నీ ఇమిడిపోతాయని అనుకోకండి. బిడియం గురించి కూడా ఒక మాట. బిడియస్తులు నెమ్మదైనవాళ్లని, మంచివాళ్లని లోకం అనుకుంటుంది. నేనూ అలాగే అనుకునేదాన్ని. మన బిడియానికి అయ్యే ఖర్చు ఒక్కోసారి మనమెప్పుడూ చూడని మనిషి భరిస్తాడు.

ఇక చివరి సంగతి. మరుసటి ఏడాది వేసవిలో ఆ పుస్తకం మళ్లీ అచ్చువేయాల్సి వచ్చింది. మ్యాపు నాకిచ్చారు. వదినా నేనూ నీళ్ల డబ్బాలు వేసుకుని ఆ తొట్టి దగ్గరికి వెళ్లాం. గాలికి ఇసుక సర్దుకుంది, తవ్విన గుర్తు ఎక్కడా లేదు. నేను మోచేతిదాకా తవ్వి చూశాను. పొడి ఇసుకే. మ్యాపులో నీలం సున్నా తీసేసి, అక్కడ "నీళ్లు లేవు" అని రాయించాను. అచ్చుకు ముందు తీసే ప్రూఫు ఒకటి, ఉత్తరమేమీ లేకుండా, జూన్‌కు పోస్టు చేశాను. పని సరిగ్గా చేశానని ఆమెకు తెలియాలనుకున్నాను. అది నిజం, దాచను.

నెల తర్వాత ప్రూఫు తిరిగొచ్చింది. అంచున గీతల కాగితం ముక్క ఒకటి, జిగురుతో శుభ్రంగా అంటించి ఉంది. టీచరు దస్తూరి.

"ఇదే మ్యాపులో కింద ఇంకా మూడు నీలం సున్నాలున్నాయి. వాటి దగ్గర ఎవరు నిలబడి చూశారు?"

ఎవరూ నిలబడలేదు. నేను ఆ ఒక్కదాని దగ్గరికే వెళ్లి వచ్చాను. అచ్చు ఆపమని మిసెస్ హోల్ట్ గది తలుపు తట్టాను. ఆ శనివారం వదిన కారు ట్యాంకు నింపించింది.

మొదటి రెండింటిలో నీళ్లున్నాయి. మూడోది ఎండిపోయింది.